అగ్రపీఠాధిపతి లెఫెవ్ర్ తిరుగుబాటు: లాటిను కోసమేనా?

పాత నోట్‌బుక్:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1960ల తొలినాళ్లలో గుంటూరు జిల్లాలోని ఒక కతోలిక విచారణలో (చర్చి పరిధిలో) లాటిను పూజకు సాయం చేసే పిల్లల్లో ఒకరు. ఆనాటి నోట్‌బుక్ ఈ మధ్య అటక దులుపుతుంటే దొరికింది. గురువులు (ఫాదరుగారు) "ఇంత్రొఈబో అద్ అల్తారే దేయీ" అనగానే పిల్లలు చెప్పవలసిన జవాబు, "అద్ దేఊమ్ క్వీ లేతిఫికాత్ యువెంతూతెమ్ మేఆమ్" అని, తెలుగు లిపిలో రాసి, తప్పు పలికితే ఉపదేశి గారు చెవి మెలిపెడతారన్న భయంతో కాబోలు, దీర్ఘాల కింద పెన్సిలుతో గీతలు కూడా గీసుకున్నారు. "నా యౌవనాన్ని సంతోషపరచే దేవుని చెంతకు" అని దాని అర్థమని నాన్నగారికి ఇన్నేళ్ల తరువాత నేను చెబితే తెలిసింది.

ఆ పాత పూజ గురించి చదువుతూ పోతుంటే ప్రతిచోటా ఒకే పేరు ఎదురయింది: ఫ్రాన్సు దేశపు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్పు) మార్సెల్ లెఫెవ్ర్. రెండవ వాటికన్ మహాసభ (1962-65లో ప్రపంచ కతోలిక బిషప్పులు రోములో జరిపిన సభ) తెచ్చిన సంస్కరణలను వ్యతిరేకించి, చివరకు పోపుగారి ఆజ్ఞనే కాదని, సంఘ బహిష్కరణకు గురయ్యారని చదివాను. విధేయతే ప్రాణమని బోధించే సంప్రదాయవాది ఇలా ధిక్కారానికి దిగడం ఎలా సాధ్యమయింది? ఇదంతా కేవలం ఒక భాష కోసమేనా? తెలిసినవారు వివరించగలరు.

రోము చరిత్ర:

మంచి ప్రశ్న వేశారు. లాటిను కోసం పోరాడిన ముసలి బిషప్పుగా ఆయనను చిత్రించడం పత్రికలవారికి సులువు గనుక ఆ బొమ్మే నిలిచిపోయింది. అసలు మనిషిని చూడాలంటే ముందు నుంచి రావాలి.

ఆయన 1905లో ఉత్తర ఫ్రాన్సులోని తుర్కువాన్‌లో ఒక బట్టల మిల్లు యజమాని ఇంట పుట్టారు. ఎనిమిది మంది సంతానంలో ఐదుగురు గురువులుగానో మఠకన్యలుగానో వెళ్లిన కుటుంబమది. తండ్రి నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి పట్టుబడి, 1944లో జర్మన్ నిర్బంధ శిబిరంలో చనిపోయారు. మార్సెల్ రోములోని ఫ్రెంచి గురువిద్యాలయంలో చదివి, 1929లో గురుపట్టం పొంది, పవిత్రాత్మ సభ అనే మిషనరీ గురువుల సంఘంలో చేరి, 1932లో గాబోన్‌కు వెళ్లారు. అక్కడ లిబ్రవిల్ గురువిద్యాలయంలో ఆఫ్రికా యువకులకు పాఠాలు చెప్పారు. 1947లో బిషప్పుగా డాకర్ చేరారు. మరుసటి ఏడాది నుంచి ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికా మొత్తానికి పోపుగారి ప్రతినిధి ఆయనే. 1955లో డాకర్‌కు తొలి అగ్రపీఠాధిపతి అయ్యారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. డాకర్‌లో తన తరువాత ఆ పీఠం మీద కూర్చున్న సెనెగల్ దేశస్థుడు యాసెంత్ తియాందూమ్ గారికి గురుపట్టం ఇచ్చింది లెఫెవ్ర్ గారే. తరువాతి కాలంలో రోముకూ తన గురువుకూ మధ్య సంధి కుదర్చాలని ఆ తియాందూమ్ గారే, కార్డినల్ హోదాలో, చాలా తంటాలు పడ్డారు. 1962 నాటికి లెఫెవ్ర్ గారు ఏ మూలనో కూర్చుని సణిగే మనిషి కాదు. అదే ఏడు ఆయన పవిత్రాత్మ సభకు ప్రధానాధికారిగా ఎన్నికయ్యారు. మహాసభ ముసాయిదాలను పరిశీలించిన కేంద్ర సన్నాహక సంఘంలోనూ సభ్యుడు. వ్యవస్థ ఆయనను పక్కన పెట్టడం కాదు, వ్యవస్థే తన కాళ్ల కింద కదిలిపోయిందని ఆయన భావించారు. ఈ తేడా గ్రహించకపోతే మిగిలింది అర్థం కాదు.

జపమాల:

రోము చరిత్ర గారు చెప్పినది నిజమే గాని, పూజ విషయాన్ని అంత తేలిగ్గా పక్కకు నెట్టవద్దని నా మనవి. 1969 ఏప్రిల్ 3న ఆరవ పౌలు పోపుగారు కొత్త పూజా గ్రంథాన్ని ప్రకటించారు. ఆ ఏడాది క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం, అంటే నవంబరు 30 నుంచి, అది అమలులోకి వచ్చింది. 1570లో ఐదవ పయస్ పోపుగారు స్థిరపరచిన క్రమం నాలుగు వందల ఏళ్ల పాటు చిన్న చిన్న మార్పులతో నిలిచి ఉంటే, దానిని ఒక్క తరం కళ్లముందే మార్చివేశారు. కానుకల సమర్పణ ప్రార్థనలు మారాయి. పీఠం దిక్కుకు తిరిగి పూజ చేసే గురువులు జనం వైపు తిరిగారు. పాత పూజలో బలిపీఠం మెట్ల దగ్గర మోకరించి చెప్పే ఆ 42వ కీర్తన, నోట్‌బుక్ గారి నాన్నగారు వల్లె వేసిన ఆ మాటలే, కొత్త క్రమంలో లేకుండా పోయాయి.

దీనిని అభ్యంతరపెట్టింది లెఫెవ్ర్ గారొక్కరే కాదు. ఒత్తావియాని, బాచ్చి అనే ఇద్దరు కార్డినళ్లు 1969 సెప్టెంబరులో పోపుగారికి ఒక విమర్శను సమర్పించారు. పదహారవ శతాబ్దపు ట్రెంట్ మహాసభ నిర్వచించిన బలి సిద్ధాంతం నుంచి కొత్త క్రమం గణనీయంగా దూరం జరిగిందన్నది దాని సారాంశం. ఆ పత్రం తయారైన వేదాంతుల బృందం వెనుక ప్రోత్సాహం లెఫెవ్ర్ గారిది. "పూజ క్రీస్తు బలి" అన్న మాట మెత్తబడి "సహపంక్తి భోజనం" అన్న మాట ముందుకు వచ్చిందని ఆయన బాధ. మా అమ్మమ్మ లాటిను ఒక్క ముక్క తెలియకుండానే, పూజ సాగినంతసేపూ తెలుగులో జపమాల చెప్పుకుంటూ, గంట మోగగానే తల వంచేది. ఆ మౌనంలో ఆమెకు ఏమి జరుగుతున్నదో బాగా తెలుసు.

సందేహి:

జపమాల గారూ, మీ అమ్మమ్మగారి భక్తిని నేను తక్కువ చేయను. కాని ఆమె పూజలో ఉండి వేరే ప్రార్థన చెప్పుకోవలసి వచ్చిందంటే, సంస్కరణ కోరినవారి వాదానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంది?

ఇక విషయానికి వస్తే, ఆరాధన మీద మహాసభ శాసనం 1963 డిసెంబరు 4న 2,147 ఓట్లతో ఆమోదం పొందింది. వ్యతిరేకంగా పడినవి నాలుగే నాలుగు. లెఫెవ్ర్ గారి ఓటు ఆ నాలుగింటిలో లేదు. ఆ శాసనం లాటినును కాపాడాలనే చెప్పింది, ప్రజల భాషకు చోటు మాత్రమే ఇచ్చింది. పూజ మొదటి భాగం, అంటే పఠనాల భాగం, జనం భాషలో ఉండవచ్చునని ఆయన అప్పట్లో ఒప్పుకున్నారు కూడా. అలాంటప్పుడు ఇన్నేళ్ల పోరాటం ఎందుకు? నాకైతే దీని వెనుక ఉన్నది పూజ కన్నా రాజకీయమే అనిపిస్తుంది.

రోము చరిత్ర:

సందేహి గారు సగం దారి వచ్చారు. మిగతా సగం "రాజకీయం" అన్న ఒక్క మాటతో దాటలేము. ముడి ఉన్నది మతస్వేచ్ఛ దగ్గర.

1962 జూన్‌లో సన్నాహక సంఘం ముందుకు ఒకే విషయం మీద రెండు ముసాయిదాలు వచ్చాయి. ఒకటి కార్డినల్ ఒత్తావియాని గారిది, అందులోని మాట "మత సహనం". రెండవది కార్డినల్ బేయా గారిది, అందులోని మాట "మతస్వేచ్ఛ". ఇద్దరు కార్డినళ్లు అందరి ఎదుట నిలబడి ఒకరినొకరు ఖండించుకోవడం లెఫెవ్ర్ గారు కళ్లారా చూశారు. ఆ దృశ్యాన్ని జీవితాంతం చెబుతూనే వచ్చారు. బయటివారికి రెండు మాటలూ ఒకటిగానే వినిపిస్తాయి. కాని తేడా పెద్దది. సహనం అంటే, తప్పు అని తెలిసినదానిని సమాజ శాంతి కోసం ఓర్చుకోవడం. స్వేచ్ఛ అంటే, ఏ మతాన్నయినా అనుసరించడంలో మనిషిని రాజ్యం బలవంతపెట్టకూడదన్నది అతని హక్కు అని ఒప్పుకోవడం. 1864లో తొమ్మిదవ పయస్ పోపుగారు ఖండించిన దోషాల పట్టికలో, కతోలిక మతమే రాజ్యమతంగా ఉండటం ఇక తగదన్న వాదం కూడా ఉంది. నూరేళ్ల కింద పోపుగారు తప్పన్నదానిని ఈనాడు మహాసభ ఒప్పంటే, పోపుగారి బోధనకు ఇక విలువేమిటని లెఫెవ్ర్ గారి ప్రశ్న. సుమారు 250 మంది బిషప్పులను కూడగట్టి, బ్రెజిల్‌కు చెందిన సిగో, కాస్త్రో మాయెర్ గార్లతో కలిసి ఆయన నడిపిన బృందం మహాసభలో గట్టిగానే పోరాడింది. అయినా 1965 డిసెంబరు 7న మతస్వేచ్ఛ ప్రకటన 2,308 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించినవి 70. తమాషా ఏమిటంటే, తాను ఆ పత్రం మీద సంతకం చేయలేదని ఆయన తరువాత చెప్పుకున్నారు గాని, మహాసభ అధికారిక సంపుటాలలోని సంతకాల జాబితాలో ఆయన పేరు ఉంది.

ఫ్రెంచి విప్లవపు నినాదాన్ని పట్టుకుని ఆయన చెప్పిన పోలిక ప్రసిద్ధమైనది. స్వేచ్ఛ మతస్వేచ్ఛగా, సమానత్వం బిషప్పుల సమష్టి అధికారంగా, సోదరభావం ఇతర సంఘాలతో ఐక్యతా ప్రయత్నంగా తిరుసభలోకి (కతోలిక సంఘంలోకి) దొడ్డిదారిన వచ్చాయని ఆయన అనేవారు. 1789లో గురువుల తలలు నరికినవారి భావాలను 1965లో గురువులే నెత్తిన పెట్టుకున్నారన్నది ఆయన ఆక్రోశం. ఈ కోణంలో కొత్త పూజ ఆయనకు రోగం కాదు, రోగ లక్షణం.

పాత నోట్‌బుక్:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. అయితే మహాసభ 1965లోనే ముగిసింది కదా. శిక్షలు 1976లో మొదలయ్యాయని చదివాను. మధ్యలో ఏమి జరిగింది?

ధర్మశాసనం:

నేను తిరుసభ చట్టం చదువుకున్నవాడిని గనుక ఈ భాగం నాకు వదలండి.

1968లో తన సభను ఆధునికీకరించే సమావేశంలో మాట చెల్లక లెఫెవ్ర్ గారు ప్రధానాధికారి పదవి వదులుకున్నారు. వయసు అరవై రెండు. అక్కడితో కథ ముగియవలసింది. కాని పాత పద్ధతిలో చదువు చెప్పే చోటు చూపమని కొందరు గురువిద్యార్థులు వెంటపడ్డారు. 1969లో స్విట్జర్లాండులోని ఫ్రిబూర్గ్‌లో తొమ్మిది మందితో మొదలుపెట్టారు. 1970 నవంబరు 1న అక్కడి బిషప్పు షారియేర్ గారు, ఆరేళ్ల ప్రయోగ కాలానికి, పదవ పయస్ గారి పేరిట గురువుల సంఘాన్ని అనుమతించారు. నవీనవాదాన్ని (ఆధునిక భావాలకు తగ్గట్టు విశ్వాసాన్ని మార్చుకోవాలనే ధోరణిని) 1907లో ఖండించిన పోపుగారి పేరు పెట్టుకోవడం యాదృచ్ఛికం కాదు. తరువాత వలే ప్రాంతంలోని ఎకోన్ అనే ఊళ్లో గురువిద్యాలయం వెలిసింది. ఇంతవరకు అంతా చట్టబద్ధమే.

మిగిలిన చోట్ల గురువిద్యాలయాలు ఖాళీ అవుతుంటే ఎకోన్ నిండుతున్నది. ఇది ఫ్రాన్సు బిషప్పులకు కంటగింపయింది. 1974 నవంబరులో రోము ఇద్దరు బెల్జియం గురువులను తనిఖీకి పంపింది. వారు విద్యార్థుల ఎదుట వేదాంతం మీద చేసిన కొన్ని వ్యాఖ్యలు లెఫెవ్ర్ గారిని మండించాయి. నవంబరు 21న ఆయన ఒక ప్రకటన రాశారు. శాశ్వత రోముకు మనసారా కట్టుబడి ఉంటామని, మహాసభలోనూ తరువాతి సంస్కరణల్లోనూ బయటపడిన నవీనవాద ధోరణి గల రోమును అనుసరించబోమని దాని భావం. 1975 మే 6న షారియేర్ గారి తరువాతి బిషప్పు మామీ గారు సంఘానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేశారు.

జపమాల:

ఆ రద్దు జరిగిన తీరు కూడా చెప్పండి, ధర్మశాసనం గారూ. ముగ్గురు కార్డినళ్లు ఆయనను పిలిపించుకుని మాట్లాడారు. అది విచారణ అని ఆయనకు చెప్పలేదని, సంభాషణ అనుకుని వెళ్లానని ఆయన అన్నారు. రోములోని అత్యున్నత న్యాయస్థానానికి అప్పీలు చేసుకుంటే దానిని తీసుకోలేదు. ఊళ్లో పంచాయతీ పెద్దలు కూడా ఇంతకన్నా పద్ధతిగా తీర్పు చెబుతారు.

ధర్మశాసనం:

ఒప్పుకుంటాను. ఆ విధానం మీద మహాసభను సమర్థించే చట్టనిపుణులే కొందరు పెదవి విరిచారు. కాని తీర్పు తప్పని తోచినా, పైఅధికారి ఆజ్ఞ నిలిచి ఉన్నంతవరకు కొత్త గురువులకు పట్టాలివ్వడం కుదరదు. 1976 జూన్ 29న ఎకోన్‌లో అభిషేకాలు నిర్ణయమయ్యాయి. ముందురోజు రాత్రి రోము నుంచి వచ్చిన ఒకరు ఆయన చేతిలో కొత్త పూజా గ్రంథం పెట్టి, రేపు ఈ పుస్తకంతో ఒక్క పూజ చేయండి, అంతా సర్దుకుంటుందన్నారట. మరునాడు ప్రసంగంలో ఈ సంగతిని ఆయనే బయటపెట్టి, చూశారా, మాకూ రోముకూ మధ్య ఉన్నది ఈ పూజ ప్రశ్నేనని తేలిపోయింది కదా అన్నారు. పట్టాలిచ్చారు. జూలై 22న ఆయన గురుత్వ విధులన్నింటి నుంచీ నిలిపివేతకు గురయ్యారు.

సందేహి:

ఆగస్టు 29న లీల్ నగరంలో వేలమంది మధ్య, ఆటల హాలులో చేసిన పూజను వదిలేశారు. కొత్త పూజా క్రమాన్ని అక్రమ సంతానంతో పోల్చిన ప్రసంగం అదే. విప్లవానికీ తిరుసభకూ జరిగిన అక్రమ సంబంధానికి పుట్టిన బిడ్డలని ఆయన భావం. అదే నోటితో అర్జెంటీనాలో అప్పుడే అధికారం లాక్కున్న సైనిక ప్రభుత్వాన్ని, క్రమశిక్షణ తెచ్చిందని మెచ్చుకున్నారు. ఆ ప్రభుత్వం మనుషులను మాయం చేస్తున్న రోజులవి. తండ్రి నాజీ శిబిరంలో చనిపోయిన మనిషి ఇంత మాట ఎలా అనగలిగారో నాకు ఎప్పటికీ అంతుపట్టదు. రాజకీయం అన్నది అందుకే.

రోము చరిత్ర:

ఆ మాటను నేనూ సమర్థించను. కాని దాని మూలం ఆయన రోములో చదివిన రోజుల్లో ఉంది. రాజ్యం క్రీస్తును రాజుగా ఒప్పుకోవాలన్న సిద్ధాంతాన్ని ఆయన అక్షరాలా నమ్మారు. ఆ నమ్మకంతో చూసేవారికి బలిపీఠానికి తల వంచే సైనికాధికారి కనబడతాడు గాని, అతని వెనుక చెరసాల కనబడదు. ఇది ఆయన ఆలోచనలోని లోపమే తప్ప పూజ మీద ఆయన ప్రశ్నలకు జవాబు కాదు.

సెప్టెంబరు 11న కాస్తెల్ గాందోల్ఫోలో పోపుగారిని కలిసినప్పుడు జరిగినది మరీ విచారకరం. తనకు వ్యతిరేకంగా విద్యార్థులచేత ప్రమాణం చేయిస్తున్నారని ఆరవ పౌలు గారు నమ్ముతున్నారు. లెఫెవ్ర్ గారు నిర్ఘాంతపోయి అలాంటిదేమీ లేదన్నారు. ఎవరో చెవిలో వేసిన ఆ ఒక్క మాట మీదే ఆ కొద్దిపాటి సమయంలో చాలా భాగం కరిగిపోయింది.

మోడరేటర్:

ఎర్నాకుళంలో సిరో మలబారు (కేరళలోని ఒక కతోలిక శాఖ) గురువులకూ బిషప్పుల సినడుకూ పూజ దిక్కు మీద నడిచిన వివాదం గురించి వచ్చిన మూడు సందేశాలను వేరే అంశానికి తరలించాను. అక్కడ గురువులు జనం వైపు తిరగడమే కావాలని పట్టుబట్టారు గనుక పోలిక ఆసక్తికరమే, కాని ఇక్కడ లెఫెవ్ర్ గారి విషయానికే పరిమితం కావలసిందిగా కోరుతున్నాను.

పాత నోట్‌బుక్:

1988 సంగతి కూడా ఎవరైనా చెబితే నా సందేహం తీరుతుంది. నిలిపివేత నుంచి బహిష్కరణ దాకా ఎలా వెళ్లింది?

ధర్మశాసనం:

ఆయనకు ఎనభై రెండేళ్లు వచ్చాయి. తాను పోతే తన సంఘంలో కొత్త గురువులకు పట్టాలిచ్చే బిషప్పు ఉండరు. 1986 అక్టోబరులో అస్సీసీలో రెండవ జాన్ పాల్ పోపుగారు అన్ని మతాల పెద్దలతో కలిసి ప్రార్థనా దినం జరపడంతో ఆయన మనసు పూర్తిగా విరిగింది. అయినా చర్చలు సాగాయి. 1988 మే 5న రోము తరఫున వచ్చిన కార్డినల్ రాట్జింగర్ (తరువాతి పదహారవ బెనెడిక్టు పోపు) గారితో ఒప్పందం మీద సంతకం చేశారు. సంఘానికి గుర్తింపు, పాత పూజకు అనుమతి, సంఘం నుంచి ఒక బిషప్పు. ఒక వృద్ధునికి ఇంతకన్నా ఏమి కావాలి? కాని ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. బిషప్పు అభిషేకానికి తేదీ ఏదీ, రోము మళ్లీ కాలయాపన చేస్తుందేమో, ఒప్పందం ప్రకారం రోములో ఏర్పడే కొత్త సంస్థలో మెజారిటీ ఎవరిది అన్న అనుమానాలు. తెల్లవారగానే వెనక్కి తగ్గుతూ ఉత్తరం రాశారు. రోము ఆగస్టు 15 అని తేదీ సూచించేసరికి ఆయన నమ్మకం అడుగంటింది.

జూన్ 30న ఎకోన్‌లో, కాస్త్రో మాయెర్ గారు తోడుండగా, నలుగురు గురువులను బిషప్పులుగా అభిషేకించారు. ఈ ఘట్టంలో ఒక చిన్న విషయం చూడండి. అభిషేక క్రమంలో "మీకు పోపుగారి ఆజ్ఞాపత్రం ఉన్నదా?" అని అడగాలి, "ఉన్నది" అనాలి, "చదవండి" అనాలి. ఆజ్ఞ లేకపోవడమే అసలు నేరం. ఆయన ఆ ప్రశ్నను వదిలేయలేదు. అడిగించారు. ఉన్నదనిపించారు. చదివించినది పోపుగారి పత్రం కాదు, అపోస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయానికి ఎప్పుడూ నమ్మకంగా ఉండే రోము తిరుసభ నుంచే మాకీ ఆజ్ఞ ఉన్నదంటూ తయారు చేసుకున్న వాచకం. నోట్‌బుక్ గారు మొదట అడిగిన ప్రశ్నకు నాకు తోచే జవాబు ఆ నిమిషంలోనే ఉంది. తాను ధిక్కరిస్తున్నానని ఆయన ఒప్పుకోలేదు. ఇవాళ్టి రోము మీద నిన్నటి రోముకు విధేయుడనన్నారు. కాని ఏది నిన్నటి రోమో తేల్చేది ఎవరు? ఆ అధికారం తన చేతిలోకి తీసుకున్నారు. ఏ నవీనవాదిని ఇందుకు తప్పుపట్టారో, ఆ పనే చేశారు.

శిక్ష విషయంలో ఒక చరిత్ర ఉంది. ఆజ్ఞ లేని బిషప్పు అభిషేకానికి బహిష్కరణ శిక్ష 1951లో వచ్చింది, చైనాలో ప్రభుత్వం తన సొంత బిషప్పులను నిలబెడుతుందన్న భయంతో. 1983 చట్టంలో 1382వ నిబంధనగా అది కొనసాగింది. దానంతట అదే పడే శిక్ష అది. జూలై 1న దానిని ప్రకటించారు.

జపమాల:

అదే చట్టంలో, తప్పనిసరి అవసరంలో చేసినదానికి శిక్ష పడదని 1323వ నిబంధన కూడా ఉంది. ఆయన వాదం దాని మీదే ఆధారపడింది. మీరు దానిని ఒప్పుకోకపోవచ్చు, కాని ప్రస్తావించకుండా దాటవేయడం న్యాయం కాదు.

ధర్మశాసనం:

నిజమే, ప్రస్తావించి ఉండవలసింది. రోము ఆ అవసరం ఉన్నదని ఒప్పుకోలేదు. రెండవ జాన్ పాల్ గారు జూలై 2న ఇచ్చిన లేఖలో దీనిని చీలిక చర్య అన్నారు. అదే లేఖలో, పాత పూజను కోరేవారి మనసు నొప్పించకుండా ఉదారంగా అనుమతులివ్వమని బిషప్పులను కోరారు. లెఫెవ్ర్ గారి మనుషుల్లోనే కొందరు విడిపోయి, అదే నెలలో పేతురు గారి పేరిట వేరే సంఘం పెట్టుకుని రోముతో కలిసిపోయారు.

సందేహి:

నేను ఒక విషయంలో వెనక్కి తగ్గుతాను. 2007లో పదహారవ బెనెడిక్టు గారు పాత పూజను ఏ గురువయినా చేయవచ్చునని, అది ఎన్నడూ రద్దు కాలేదని ప్రకటించినప్పుడు, ముప్పై ఏళ్ల కిందటే ఈ మాట చెప్పి నిలిపివేతకు గురైన మనిషికి కొంత న్యాయం జరిగిందని ఒప్పుకోవాలి. 2021లో ఫ్రాన్సిస్ గారు మళ్లీ పగ్గాలు బిగించారనుకోండి.

పాత నోట్‌బుక్:

చివరిగా ఒక సందేహం. 2009లో బహిష్కరణ ఎత్తివేశారని విన్నాను. అది లెఫెవ్ర్ గారికీ వర్తిస్తుందా?

ధర్మశాసనం:

వర్తించదు. 2009 జనవరి 21 నాటి ఆదేశంలో ఉన్నవి అప్పటికి బతికి ఉన్న నలుగురు బిషప్పుల పేర్లే. అందులో ఒకరైన విలియమ్సన్ గారు యూదుల ఊచకోతను తక్కువ చేసి మాట్లాడిన ఇంటర్వ్యూ అదే వారంలో ప్రసారమై పెద్ద దుమారం లేచింది, అది వేరే కథ. లెఫెవ్ర్ గారు 1991 మార్చి 25న, మంగళవార్త పండుగ నాడు, మార్టిన్యీ ఆసుపత్రిలో కన్నుమూశారు. కాస్త్రో మాయెర్ గారు ఆ తరువాత నెలకే చనిపోయారు. తిరుసభ శిక్షలు మనిషిని దారికి తేవడానికి ఉద్దేశించినవి గనుక బతికున్నవారికే వర్తిస్తాయి.

పాత నోట్‌బుక్:

ధన్యవాదాలండీ. ఈ చర్చంతా రాత్రి నాన్నగారికి చదివి వినిపించాను. మతస్వేచ్ఛ దగ్గర మౌనంగా విన్నారు. ఆజ్ఞాపత్రం దగ్గర మాత్రం "అడిగించకుండా ఉండాల్సింది" అన్నారు. తరువాత నోట్‌బుక్ అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, "యువెంతూతెమ్" దగ్గర ఒక దీర్ఘం తప్పు పడిందని పెన్సిలు తెమ్మన్నారు.